జానపద కళాకారుల జీవితాన్ని సినిమాగా తీయాలంటే: ‘మాడీ’ని ముందు పెట్టుకుని ఒక సమగ్ర మార్గదర్శి

కెనడా తూర్పు తీరంలో నోవాస్కోషియా రాష్ట్రం. అందులో మార్షల్‌టౌన్ అనే చిన్న ఊరు. రోడ్డు పక్కనే సుమారు 13 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న ఒంటిగది ఇల్లు. 1938లో పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మాడ్ లూయిస్ 1970లో చనిపోయేదాకా అక్కడే బతికింది. చిన్నతనంలోనే కీళ్లవాతం పట్టుకుంది. చేతివేళ్లు వంకరపోయాయి, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంగిపోయింది. ఆ ఇంటికి కరెంటు లేదు, నీళ్ల కుళాయి లేదు. భర్త ఎవరెట్ ఊరూరా చేపలమ్మేవాడు. ఏ కళాశాల గడపా తొక్కని మాడ్ కిటికీ పక్కన కూర్చుని ఎద్దుల జతలు, పడవలు, నల్ల పిల్లులు, మంచులో జారే బళ్లు, తులిప్ పూలు వేసింది.

2016లో వచ్చిన ‘మాడీ’ సినిమా ఆమె కథే. ఐర్లండ్ దర్శకురాలు ఆష్లింగ్ వాల్ష్ తీసింది. స్క్రిప్ట్ షెర్రీ వైట్‌ది. మాడ్‌గా శాలీ హాకిన్స్, ఎవరెట్‌గా ఈథన్ హాక్ నటించారు. 2018 కెనడియన్ స్క్రీన్ అవార్డుల్లో ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు అవార్డులు దానికే వచ్చాయి.

మన ఊళ్లలోనూ ఇలాంటి జీవితాలు చాలా ఉన్నాయి. వాటిని సినిమాగా తీయాలని తిరుగుతున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ ఉన్నారు. షార్ట్ ఫిల్మ్ అయినా, రెండు గంటల సినిమా అయినా, ఈ గైడ్ వాళ్ల కోసం. అడుగడుగునా ‘మాడీ’ని పక్కన పెట్టుకుని మాట్లాడదాం. ఆ సినిమా బాగా చేసినవి నేర్చుకోవాలి, పొరపాటు అనిపించిన చోట ఆగి ఆలోచించాలి. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పబోయేది ఒక్కటే: కెమెరా ముందు పనిని పెట్టండి. పనిని శ్రద్ధగా చూపిస్తే, కష్టం దానంతట అదే కనిపిస్తుంది.

మొదటి అడుగు: విద్య ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి

‘ఎవరూ నేర్పలేదు, తనంతట తానే నేర్చుకున్నాడు’ అని పోస్టర్ మీద వేయడం సులువు. అది నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. మన జానపద కళల్లో ఎక్కువ భాగం ఇంటి నుంచి, కులం నుంచి, మేళం నుంచి వచ్చినవే. 12 మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారిది తాతతండ్రుల నుంచి వచ్చిన విద్య. చెర్యాల నకాషీ బొమ్మలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు కూడా కుటుంబాల్లో తరాలుగా సాగుతున్నవే. అలాంటి కళాకారుణ్ని ‘స్వయంగా నేర్చుకున్న మేధావి’గా చూపిస్తే, వెనకున్న తండ్రినీ తాతనూ గురువునూ చెరిపేసినట్టే.

అసలు మాడ్‌కు కూడా తొలి పాఠం అమ్మే చెప్పింది. తల్లీకూతుళ్లు కూర్చుని క్రిస్మస్ కార్డులు వేసి అమ్మేవారు. ఆ తర్వాత ఆ చేయి ఎదిగిన తీరంతా ఆమె సొంతం.

కాబట్టి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్నలు ఇవి. మొదటిసారి ఎవరి చేతిలో చూశావు? ఎవరి దగ్గర కూర్చున్నావు? ఎవరు వద్దన్నారు? నీ పనిలో వాళ్ల దగ్గర లేనిది ఏముంది? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే సినిమాకు వెన్నెముక దొరికినట్టే. జవాబు దొరక్కపోతే ఇంకొన్నాళ్లు తిరగండి, స్క్రిప్ట్ జోలికి వెళ్లొద్దు.

రెండో అడుగు: అనుమతి, కాగితం, డబ్బు

చాలామంది దీన్ని ఆఖర్లో చూసుకుందాం అనుకుంటారు. మొదట్లోనే చూసుకోవాలి.

బతికున్న మనిషి కథ తీస్తున్నప్పుడు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాల వరకు అనుమతి లేకుండా వాడుకోవచ్చని, అది దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళ్తే వాళ్ల సమ్మతి కావాలని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనం తీసే సినిమాలో పెళ్లి, అప్పు, జబ్బు, తాగుడు, దూరమైన కొడుకు అన్నీ ఉంటాయి. అవేవీ పబ్లిక్ రికార్డు కావు. కళాకారుడు చనిపోయి ఉంటే చట్టం ఏం చెప్పినా సరే, కుటుంబాన్ని కలవకుండా మొదలుపెట్టడం మర్యాద కాదు.

ఒప్పందం తెలుగులో రాయించండి. పెద్దాయనకు చదువు రాకపోతే, ఊళ్లో ఆయన నమ్మే మనిషిని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించండి. ఆ చదవడాన్నీ, ఆయన అడిగిన ప్రశ్నలనూ వీడియో తీయండి. వేలిముద్ర ఆ తర్వాతే. ఒప్పందంలో ఇవి తప్పక ఉండాలి: కథ వాడుకోవడానికి ఇచ్చే డబ్బు ఎంత, ఎప్పుడు ఇస్తారు, సినిమా అమ్ముడైతే వాటా ఎంత, ఏ విషయాలు చూపించకూడదని వాళ్లు కోరుతున్నారు, ఎడిటింగ్ అయ్యాక వాళ్లకు ఎప్పుడు చూపిస్తారు.

బొమ్మలకూ పాటలకూ విడిగా అనుమతి కావాలి. మన దేశంలో చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్ల వరకు ఆ బొమ్మల మీద కాపీరైట్ ఉంటుంది. బొమ్మ కొనుక్కున్నంత మాత్రాన కాపీరైట్ రాదు. సంప్రదాయంగా వస్తున్న పాట ఎవరి సొత్తూ కాకపోవచ్చు. కానీ ఫలానా అవ్వ పాడిన పాటకు ప్రదర్శకురాలిగా ఆమెకు హక్కు ఉంది, అది 50 ఏళ్లు ఉంటుంది. రికార్డు చేసుకెళ్లి టైటిల్ సాంగ్‌గా వాడేసుకుని, క్రెడిట్స్‌లో ‘జానపదం’ అని వేసి చేతులు దులుపుకోవద్దు. ఆమె పేరు వేయండి, డబ్బులు ఇవ్వండి.

మూడో అడుగు: మూడు గళ్ల నోట్‌బుక్

ఒక పెద్ద నోట్‌బుక్‌లో ప్రతి పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో కాగితం మీద రుజువున్నవి. రెండో దాంట్లో ఎవరో చెప్పినవి, చెప్పిన వాళ్ల పేరుతో. మూడో దాంట్లో మీరు కల్పించబోయేవి. ఈ మూడూ కలిసిపోకుండా చూసుకోవడమే పరిశోధనలో సగం పని.

మాడ్ పుట్టిన సంవత్సరం విషయంలోనే 1901 అని ఒకచోట, 1903 అని ఒకచోట ఉంటుంది. ఇంకా బరువైన విషయం ఉంది. పెళ్లికి పదేళ్ల ముందు, 1928లో, ఆమెకు ఒక కూతురు పుట్టింది. ఆ బిడ్డను వేరేవాళ్లు పెంచుకున్నారు. ఇలాంటివి ఊరి జ్ఞాపకంలో ఒకలా, కాగితంలో ఒకలా, ఆ మనిషి నోట ఇంకోలా ఉంటాయి. మూడింటినీ రాసుకోండి, తొందరపడి ఒకటి ఎంచుకోకండి.

మన దగ్గర వెతకాల్సిన చోట్లు: తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో ఉన్న జానపద గిరిజన విజ్ఞాన పీఠం, హైదరాబాద్, విజయవాడ ఆకాశవాణి కేంద్రాల పాత రికార్డింగులు, జిల్లా గ్రంథాలయాల్లో పాత దినపత్రికలు. కళారూపం చరిత్ర తెలుసుకోవడానికి మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ ఇప్పటికీ మంచి ప్రారంభం. గుడి రసీదులు, పెళ్లి పత్రికలు, రేషన్ కార్డు, సన్మాన పత్రాలు, అప్పు కాగితాలు కూడా చూడండి. సన్మాన పత్రం కంటే అప్పు కాగితం ఎక్కువ చెబుతుంది.

ఇంటర్వ్యూ చేసేటప్పుడు ‘మీ కష్టాలు చెప్పండి’ అని మాత్రం అడగకండి. అలా అడిగితే ఎవరైనా టీవీ వాళ్లకు చెప్పి చెప్పి అలవాటైన నాలుగు మాటలే చెబుతారు. వస్తువుల గురించి, డబ్బు గురించి, తిండి గురించి అడగండి. “అవ్వా, ఈ ఎర్ర రంగు అప్పట్లో ఎక్కడ దొరికేది? ఎంత పెట్టి కొన్నావు?” “తాతా, ఆట రాత్రి మొదలయ్యేదంటున్నావు కదా, సాయంత్రం ఏం తిని వెళ్లేవాళ్లు?” “పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు కూడా ఆటకు వెళ్లావా?” ఇలా అడిగితే కథ దానంతట అదే వస్తుంది. వీలైతే వాళ్లు పని చేస్తుండగా మాట్లాడించండి. చేతులు కదులుతుంటే నోరు కూడా కదులుతుంది.

నాలుగో అడుగు: జీవితంలో ఏ ముక్క?

పుట్టుక నుంచి చావు దాకా అన్నీ పెట్టాలనుకుంటే అది సినిమా అవదు, సంతాప సభలో చదివే జీవిత విశేషాలు అవుతుంది. ‘మాడీ’ మాడ్ బాల్యం జోలికి దాదాపు వెళ్లలేదు. తల్లిదండ్రులు పోయాక, డిగ్బీ ఊళ్లో పిన్ని ఇంట్లో ఉంటూ, అన్న ఇంటిని అమ్మేశాడని తెలిసిన చోట కథ మొదలవుతుంది. ఆమెకు ఇల్లు లేదు, డబ్బు లేదు, ఎవరూ ఆమెను ఒక పూర్తి మనిషిగా లెక్క చేయడం లేదు. అప్పుడు కొట్లో ఎవరెట్ పెట్టిన పనిమనిషి కావాలన్న ప్రకటన కనబడుతుంది. నడుచుకుంటూ వెళ్తుంది. అక్కడి నుంచి చివరిదాకా కథ దాదాపుగా ఆ ఒక్క ఇంట్లోనే.

బడ్జెట్ తక్కువున్న వాళ్లకు ఇది గొప్ప పాఠం. ఇద్దరు మనుషులు, ఒక గది, ముప్పై ఏళ్లు. కాలం గడిచిందని చెప్పడానికి టైటిల్ కార్డులు అక్కర్లేదు. గోడ మీద పూలు పెరుగుతూ పోతాయి, అంతే.

మీరూ ఇలా చేయండి. కళాకారుడి జీవితంలో తెలిసిన సంఘటనలన్నీ విడివిడి కార్డుల మీద రాయండి. ప్రతి కార్డు పట్టుకుని ఒకటే అడగండి: దీని తర్వాత అతని పని మారిందా? మారని కార్డులన్నీ పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో అన్నిటికంటే ముందుది మీ సినిమా ప్రారంభం.

ఐదో అడుగు: పనిని చూపించడం

ఇక్కడ తొందరపడొద్దు. సినిమా నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

మాడ్ పద్ధతి ఎలా ఉండేదో చూడండి. దొరికిన పలకకు ముందు తెల్ల రంగు పూసేది. ఆరాక గీతలతో ఆకారం గీసేది. తర్వాత ట్యూబులోంచి వచ్చిన రంగును అలాగే నింపేది, రంగులు కలిపేది కాదు. అందుకే ఆమె ఎరుపు అంత ఎరుపు, పసుపు అంత పసుపు. బొమ్మల్లో నీడలు దాదాపు ఉండవు. పలకలు చాలావరకు చిన్నవి, ఎక్కువగా ఎనిమిది అంగుళాలకు పది అంగుళాలు. ఆ చేయి అంతకంటే దూరం సాగడం కష్టం. మొదట్లో అట్టముక్కలు, బిస్కెట్లు కాల్చే రేకులు, పడవలకు వేసే పెయింటు. తర్వాత మేసొనైట్ (చెక్కపీచును నొక్కి చేసే అట్ట) పలకలు. బొమ్మలు వేయడానికి ఏదీ దొరక్కపోతే ఇంటినే వేసింది: తలుపు, గోడలు, మెట్లు, పొయ్యి, రొట్టెల డబ్బా, చెత్త ఎత్తే చేట కూడా.

ఈ పేరాలో ఎక్కడా కష్టం అనే మాట ఊరికే రాలేదు. పలక ఎందుకు చిన్నది? చేయి అంత దూరం వెళ్లదు కాబట్టి. రేకు మీద ఎందుకు? కాన్వాసుకు డబ్బు లేదు కాబట్టి. మెట్లకు పూలు ఎందుకు? ఆమె ప్రపంచం ఆ గది మాత్రమే కాబట్టి. ప్రతి పనిముట్టు వెనకా ఇలాంటి ‘ఎందుకు’ ఒకటి ఉంటుంది. మీ కళాకారుడి పనిముట్లన్నీ నేల మీద పరిచి ఒక్కోదానికీ ఆ ‘ఎందుకు’ రాయండి. స్క్రిప్ట్‌లో డైలాగులు సగానికి సగం తగ్గిపోతాయి.

మన కళల్లో చూపించదగిన పని ఎంతో ఉంది, సినిమాలు చాలావరకు వదిలేశాయి. ఆట మొదలయ్యే ముందు డప్పును మంట దగ్గర కాస్తారు. తోలు బిగుసుకునేదాకా మధ్యమధ్య చిర్రతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఆ వినే ముఖం మీద కెమెరా పెట్టండి. చెర్యాలలో బొమ్మ వేసే ముందు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు. ఆరాలి, రుద్దాలి, మళ్లీ పూయాలి. అంత పనీ అయ్యాక తొలి గీత పడుతుంది. నిమ్మలకుంటలో మేక తోలును గీకి, ఎండబెట్టి, పలచగా పారదర్శకం చేసి, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. దీపం వెలుగు ఆ రంధ్రాల్లోంచి తెర మీద పడితే అవే సీతమ్మ నగలు. బుర్రకథలో కథకుడి వేళ్లకు ఉండే అందెలు వేరు, తంబురా వేరు, వంత పాడేవాళ్ల గుమ్మెట వేరు. ఒక్కో చప్పుడూ విడిగా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో బంగారంలా పనికొస్తుంది.

తీసేటప్పుడు పాటించాల్సినవి. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా ఒకే సీన్‌గా రాయండి. ఖాళీ పలకతో మొదలై, పూర్తయిన బొమ్మతో ముగియాలి. సినిమాలో ఇలాంటి సీన్లు రెండైనా ఉండాలి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య చేయి మారినట్టు తెలియాలి. నటుడు కనీసం కొన్ని నెలలు ముందు నుంచి ఆ పని చేయాలి. క్లోజప్‌లో చేతులు నటుడివి సరిపోకపోతే కళాకారుడి చేతులే పెట్టండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. క్రెడిట్స్‌లో ఆ చేతుల పేరు కూడా వేయండి. పని జరుగుతున్నప్పుడు మ్యూజిక్ ఆపేయండి. కుంచె రుద్దుకునే చప్పుడు, ఊపిరి, బయట కోడి కూత చాలు.

ఇక ఫ్రేమ్. కళాకారుడి కన్ను ఎలా చూస్తుందో కెమెరా కూడా అలా చూస్తే సినిమా లోపలి నుంచి మాట్లాడుతుంది. జార్జియా దేశంలో తాగుడు దుకాణాలకు బోర్డులు వేసి బతికిన నికో పిరోస్మాని మీద 1969లో వచ్చిన సినిమాలో చాలా షాట్లు ఆయన బొమ్మల్లాగే ఎదురుగా, కదలకుండా నిలబడతాయి. ఫ్రాన్సులో ఇళ్లు తుడుస్తూ రాత్రిళ్లు పూలచెట్లు వేసిన సెరఫీన్ లూయీ మీద 2008లో వచ్చిన సినిమాలో, ఆమె రంగుల కోసం ఎక్కడెక్కడ తిరిగిందో ఓపికగా చూపిస్తారు. చర్చిలో మైనం, కసాయి కొట్టు నుంచి రక్తం. బొమ్మ కనిపించే ముందే ఆమె పిచ్చి ప్రేమ మనకు అర్థమవుతుంది.

ఆరో అడుగు: కష్టం, శరీరం, కులం

కష్టాన్ని దాచమని చెప్పడం లేదు. దానికి వయొలిన్లు అరువివ్వొద్దు అంటున్నాను. శాలీ హాకిన్స్ నడక, తల వంపు సినిమా సాగేకొద్దీ మారుతూ వస్తాయి. జబ్బు ముదురుతోందని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే సమయంలో మాడ్‌కు నవ్వు ఉంది, మొండితనం ఉంది, భర్తకు జవాబు చెప్పే నాలుక ఉంది. వైకల్యం ఉన్న మనిషిని జాలిబొమ్మగానో, అద్భుతాలు చేసే దేవతగానో తప్ప ఇంకోలా చూపించడం మన సినిమాలకు ఇంకా సరిగ్గా అలవడలేదు. ఈ రెండూ తప్పేనని 2024 జులైలో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో మార్గదర్శకాలు ఇచ్చింది. కించపరిచే మాటలు వాడొద్దు, వైకల్యం ఉన్నవాళ్లను సంప్రదించి రాయండి అంది. సంప్రదించడం ఒక్కటే సరిపోదు, వీలైతే వాళ్లనే నటింపజేయండి.

మన కథల్లో ఇంకొకటి తప్పించుకోలేనిది ఉంది. కులం. చిందు, డక్కలి కళాకారులు మాదిగ కులాన్ని ఆశ్రయించి బతికిన కులాలవాళ్లు. ఒగ్గుకథ కురుమ, గొల్ల కుటుంబాల సొత్తు. డప్పు ఎవరు కొట్టాలో, కొట్టినవాడు ఎక్కడ నిలబడాలో, భోజనం ఎక్కడ పెట్టాలో ఊరు నిర్ణయించింది. ఇవన్నీ తీసేసి ‘పేద కళాకారుడు’ అని మాత్రమే చూపిస్తే, ఆ కష్టానికి కారణమే చూపించనట్టు. పేదరికం ఆకాశం నుంచి ఊడిపడలేదు. స్క్రిప్ట్ రాసే గదిలో ఆ సామాజిక వర్గం మనిషి ఒకరైనా ఉండాలి. ఉండి, ఆయన మాట చెల్లాలి.

ఏడో అడుగు: పక్క మనుషులు, కల్పన హద్దులు

ఎవరెట్ పాత్ర దగ్గర ‘మాడీ’ చాలా సాహసం చేసింది, కొంత జంకింది కూడా. ఈ ఇంట్లో నా తర్వాత కుక్కలు, ఆ తర్వాత కోళ్లు, ఆఖరున నువ్వు అన్నట్టు మాట్లాడే మొగుడు. ఇంకొకరి ఎదుటే చెంప మీద కొడతాడు. నెమ్మదిగా అదే మనిషి ఇల్లు ఊడుస్తాడు, కూర వండుతాడు, బొమ్మల పని సాగడానికి సాయపడతాడు. బతుకులో ఇలాంటి మార్పులు ఉంటాయి. కానీ చివరికి వచ్చేసరికి సినిమా ఆ ఇద్దరి కథను ప్రేమకథగానే మనకు అప్పగిస్తుంది. దెబ్బకు లెక్క ఎవరూ అడగరు. మీ కథలో ఇలాంటి భర్తో, తండ్రో, గురువో ఉంటే అతన్ని రాక్షసుణ్ని చేయకండి. అలాగని ముగింపు అందంగా ఉండాలని క్షమాపణ ఉచితంగా ఇచ్చేయకండి.

న్యూయార్క్ నుంచి వేసవికి వచ్చి మాడ్ కార్డులు కొనే శాండ్రా కల్పిత పాత్ర. మాడ్ దగ్గర బొమ్మలు కొన్నవాళ్లు చాలామంది, వాళ్లందరినీ ఒక మనిషిలో కుదించారు. రాతపరంగా ఇది న్యాయమే. అయితే ఇక్కడ ఒక గుంట ఉంది. పట్నం నుంచి కారులో ఒకరు దిగి ‘నీలో కళ ఉంది’ అని చెప్పేదాకా కళాకారుడికి తన విలువ తెలియదన్నట్టు రాయడం. మన సినిమాల్లో అది కలెక్టరో, టీవీ యాంకరో అవుతుంది. శాండ్రా రాకముందే మాడ్ గోడల మీద వేస్తోంది. కొనేవాళ్లు రాకముందు కూడా పని ఉందని మీ సినిమా చెప్పి తీరాలి.

కూతురు విషయంలో మాత్రం నేను ‘మాడీ’తో ఒప్పుకోలేను. సినిమాలో ఎవరెట్ ఆమెను కారులో తీసుకెళ్లి, పెరిగి పెద్దయిన కూతుర్ని దూరం నుంచి చూపిస్తాడు. థియేటర్లో ఏడవని వాళ్లుండరు. నిజజీవితంలో ఆ తల్లీకూతుళ్లు ఒక్కటవలేదు. కూతురు తర్వాత వెతుక్కుంటూ వచ్చినా, మాడ్ ఆమెను తన బిడ్డగా ఒప్పుకోలేదు. ఆ నిజం చూపించి ఉంటే మాడ్ మనకు ఇంకా అర్థమయ్యేది, ఆమె మీద ప్రేమ తగ్గేది కాదు.

అందుకే నేను పెట్టుకున్న హద్దు ఇది. సంభాషణలు కల్పించండి, రోజులు కుదించండి, నలుగురిని ఒకరిని చేయండి. జీవితం ఇవ్వని ఓదార్పును మాత్రం మీరు ఇవ్వకండి. ఏదైనా పెద్ద మార్పు చేస్తే, సినిమా మొదట్లో అందరూ వేసే ‘కల్పితం’ అనే రెండు లైన్లతో సరిపెట్టకుండా, చివర్లో స్పష్టంగా చెప్పండి.

ఎనిమిదో అడుగు: ఇల్లు, యాస

‘మాడీ’ని నోవాస్కోషియాలో తీయలేదు, న్యూఫౌండ్‌లాండ్‌లో తీశారు. ఆమె అసలు ఇల్లు ఇప్పుడు హాలిఫాక్స్‌లోని నోవాస్కోషియా ఆర్ట్ గ్యాలరీలో ఉంది. ప్రభుత్వం 1984లో తీసుకుని బాగు చేయించింది. సినిమాకు అలాంటి ఇంటినే సెట్‌గా కట్టారు. లొకేషన్ మారినా ఫర్వాలేదు, లోపలి కొలతలు, వెలుగు వచ్చే దిక్కు, పొయ్యి ఉన్న చోటు మారకూడదు. కళాకారుడు కూర్చునే చోట నుంచి ఏం కనిపిస్తుందో ఫొటో తీసుకుని ఆర్ట్ డైరెక్టర్‌కు ఇవ్వండి.

యాస గురించి. పాలమూరు యాసంటే చివర ‘గదా’ తగిలించడం, ఉత్తరాంధ్ర యాసంటే ‘ఏటి’ తగిలించడం అనుకునే రోజులు పోవాలి. ఆ ఊరి మనిషిని డబ్బులిచ్చి డైలాగ్ టీచర్‌గా పెట్టుకోండి. సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్ జరిగేచోటే గొంతు రికార్డు చేస్తూ, తీయండి. జానపద కళాకారుడి గొంతు డబ్బింగ్ థియేటర్‌లో చచ్చిపోతుంది.

తొమ్మిదో అడుగు: డబ్బును దాచకండి

మాడ్ తొలి కార్డులు 25 సెంట్లు. బొమ్మలు రెండు, రెండున్నర డాలర్లు. 1960ల మధ్యలో పత్రికలోనూ, 1965లో కెనడా టీవీలోనూ వచ్చాక పేరు మోగింది. అప్పుడు కూడా ధర పది డాలర్లు దాటడమే గగనం. 2022లో ఆమె వేసిన నల్ల ట్రక్కు బొమ్మ ఒకటి వేలంలో 3,50,000 కెనడా డాలర్లకు పోయింది. మాడ్ పోయాక, 1970లలో, ఒక హోటల్‌లో ఇంకొకరు శాండ్‌విచ్‌ల బదులు ఇచ్చిన బొమ్మ అది. ఎవరెట్ దాచిన డబ్బు కోసం వచ్చిన దొంగ చేతిలో 1979లో అతను చనిపోయాడు.

ఈ లెక్కలు సినిమాలో ఉండాలి. ధర చెప్పే సీన్, బేరం ఆడే సీన్, రాత్రి ఆటకు ఇచ్చిన బియ్యం కొలిచే సీన్ రాయండి. మన దగ్గర కళాకారుడికి శాలువా కప్పే సీన్ అందరూ పెడతారు. ఆ శాలువా కప్పించుకుని తిరుగు ప్రయాణానికి బస్సు ఛార్జీ ఎవరిచ్చారో కూడా చూపించండి.

పదో అడుగు: షూటింగ్ అయ్యాక

థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. గంగిరెద్దు, మేకలు, కోళ్లు ఏవైనా నటిస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోండి. ఇది మర్చిపోయి చివర్లో పరుగులు పెట్టే టీములను చూస్తే జాలేస్తుంది, ఆ టెన్షన్ మనకొద్దు.

‘మాడీ’ చివర్లో అసలు మాడ్, ఎవరెట్‌ల పాత ఫుటేజి వస్తుంది. అప్పటిదాకా చూసిన నటన పక్కకు జరిగి, ఆ చిన్నపాటి మనిషి మనల్ని చూసి నవ్వుతుంది. మీ దగ్గర అలాంటి ఫుటేజి ఉంటే చివరికే దాచుకోండి. లేకపోతే కళాకారుడి పనులనే వరసగా చూపించండి, ఒక్కోటి కనీసం నాలుగైదు సెకన్లు నిలబెట్టి.

ఎడిట్ లాక్ చేసే ముందు, అంటే ఇక మార్పులు లేవని ఖరారు చేసే ముందు, ఒప్పందంలో రాసుకున్నట్టే కుటుంబానికి చూపించండి. వాళ్లకు నొప్పి కలిగిన చోట ఎందుకో అడిగి వినండి. మార్చాలో వద్దో ఆ తర్వాత తేల్చుకోవచ్చు. మొదటి బహిరంగ ప్రదర్శన ఊళ్లోనే పెట్టండి. బడి ఆవరణలో తెల్ల గుడ్డ కట్టినా చాలు. ఆ రోజు కళాకారుడిని స్టేజీ మీద కూర్చోబెట్టి గంటన్నర ఉపన్యాసాలు వినిపించే పని మాత్రం పెట్టుకోవద్దు. సినిమా అయ్యాక ఆయనకు ఆట ఆడాలనిపిస్తే ఆడతాడు. ఆడితే దానికి కూడా పారితోషికం ఇవ్వండి. తీసిన ఇంటర్వ్యూలన్నిటి కాపీ ఒక హార్డ్ డిస్క్‌లో కుటుంబానికి, ఇంకొకటి జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి ఇవ్వండి. డిస్క్ మీద పేర్లు, తేదీలు, ఊళ్లు తెలుగులో రాసిన కాగితం అంటించండి.